చాట్స్‌వర్త్ హౌస్, ఇంగ్లండ్: బంగ్లా కంటే తోటకే ఎక్కువ టైమ్ పెట్టుకోండి

చాట్స్‌వర్త్‌కి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఊరికే తిరిగొచ్చా, రెండోసారి నిజంగా చూశా, ఆ తేడా చెప్దామనే ఈ రివ్యూ. యూకేలో ఉండే మనవాళ్ళందరికీ ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇదే సమస్య కదా, లండన్ అయిపోయింది, ఎడిన్‌బరా అయిపోయింది, గుడికి కూడా వెళ్ళొచ్చాం, ఇంకెక్కడికి తీసుకెళ్ళాలి అని. అలాంటివాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే, అందులోనూ మీ ఇంట్లో వ్యవసాయం చేసినవాళ్ళు ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి.

ఎక్కడుందో ముందు చెప్తా. డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య, డెర్వెంట్ నది ఒడ్డున. దగ్గర్లో ఉన్న చిన్న టౌన్ బేక్‌వెల్, ట్రైన్‌లో వస్తే చెస్టర్‌ఫీల్డ్‌లో దిగాలి. మేము షెఫీల్డ్‌లో ఉంటాం కాబట్టి మాకు బస్సే సరిపోయింది. డెవన్‌షైర్ డ్యూక్‌ల ఇల్లు ఇది, కావెండిష్ అని ఇంటిపేరు, పదహారు తరాలుగా ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ, ఆమె భర్త విలియం కావెండిష్ ఈ భూమి కొన్నారు, ఇప్పుడు మనం చూసే రూపం మాత్రం మొదటి డ్యూక్ 1687 నుంచి 1707 దాకా కొంచెం కొంచెంగా పాతది కొట్టేసి కట్టించుకుంది. 1981 నుంచి ఒక చారిటీ ట్రస్టు నడుపుతోంది, మనం కొనే టికెట్ డబ్బులు ఆ ఇంటి కప్పులకీ కిటికీలకీ తోటకీ వెళ్తాయి.

మొదటిసారి ఎలా వెళ్ళామంటే, ఒక టూర్ వాళ్ళ మినీబస్‌లో. పేరెందుకులే. ఒకే రోజులో నాలుగు చోట్లు అని చెప్పి తీసుకెళ్ళారు, ఇక్కడ గంటా నలభై ఐదు నిమిషాలు ఇచ్చారు. ఆ టైమ్‌లో ఇల్లు మాత్రమే చూడగలిగాం, అదీ ముందు వాళ్ళ వీపులు చూసుకుంటూ. తోటలోకి పది నిమిషాలు కూడా వెళ్ళలేదు, బస్సు హారన్ కొడుతోందని పరుగెత్తుకొచ్చాం. ఇంటికొచ్చాక ఏం చూశాం అని మా ఆయన్ని అడిగితే "మెట్లు బాగున్నాయి" అన్నాడు. అంతే గుర్తుంది. దయచేసి అలా వెళ్ళకండి. 105 ఎకరాల తోట అది, ఉదయం గేటు తీసేసరికి అక్కడ ఉండి సాయంత్రం దాకా ఉండేలా ప్లాన్ చేసుకోండి.

రెండోసారి మా అమ్మ, నాయన వచ్చినప్పుడు వెళ్ళాం. మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర. నాయన ముప్పై ఏళ్ళుగా రైతు, మొదట వేరుశెనగ, అది ఏడిపించీ ఏడిపించీ, డ్రిప్ వచ్చాక చీనీ (బత్తాయి), ఆ తర్వాత పదిహేనేళ్ళ నుంచి అరటి. జి9 అరటి, టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబ్‌లో పెంచినవి. మా మండలంలో, పుట్లూరు, యల్లనూరు వైపు అంతా అదే ఇప్పుడు, 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై పోర్టుకి అరటికాయల కోసం ప్రత్యేకంగా రైలే వేశారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆ అరటికీ ఈ బంగ్లాకీ సంబంధం ఉంది. మొదటిసారి వెళ్ళొచ్చాక ఒక రోజు నెట్‌లో చదివితే తెలిసింది నాకు, తెలిసిన క్షణం నుంచి నాయనని అక్కడ నిలబెట్టాలని ఒకటే పట్టుదల.

జి9 అంటే గ్రాండ్ నైన్, ఫ్రెంచి మాట, పొట్టి రకంలో పెద్దది అని అర్థం. అది కావెండిష్ జాతి అరటి. మనవాళ్ళు వామనకేళి అనే పొట్టి పచ్చ అరటి కూడా కావెండిషే. ఆ కావెండిష్ ఎవరయ్యా అంటే ఈ ఇంటి ఆరో డ్యూక్, విలియం జార్జ్ స్పెన్సర్ కావెండిష్. చైనా వైపు నుంచి మారిషస్‌కి, మారిషస్ నుంచి ఇంగ్లండ్‌కి వచ్చిన ఒక అరటి మొక్కని 1830 ప్రాంతంలో ఆయన తోటమాలి జోసఫ్ పాక్స్‌టన్ సంపాదించి ఇక్కడి గాజు ఇంట్లో పెట్టాడు. 1835 నవంబర్‌లో పువ్వేసింది, తర్వాతి ఏడాది వేసవికి గెల నిండా కాయలు, వందకి పైనే. యజమాని పేరే పెట్టి మ్యూసా కావెండిషీ అన్నారు. ఆ పిలకల్ని పెట్టెల్లో పెట్టి జాన్ విలియమ్స్ అనే మిషనరీతో పసిఫిక్ దీవులకి పంపారు, సమోవా చేరేసరికి ఒక్కటే బతికింది, దాని పిలకల నుంచే అక్కడ దీవులన్నిట్లో తోటలు లేచాయి. మన అనంతపురం మొక్క నేరుగా ఇక్కడి నుంచి వచ్చిందని నేను అనట్లేదు, మొక్కలు ఎన్నో దారుల్లో తిరుగుతాయి, కానీ ఆ జాతికి పేరు పెట్టింది ఈ ఇంట్లోనే. 1950ల్లో పనామా తెగులు వచ్చి గ్రో మిషెల్ అనే పాత ఎగుమతి రకం తుడిచిపెట్టుకుపోయాక దాని స్థానంలోకి కావెండిషే వచ్చింది, ఇవాళ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఓడెక్కి పోయే అరటిపండు దాదాపు అంతా ఇదే.

సరే, ఆ రోజు సంగతి. గేటు దాటగానే నేను అందరినీ ఇంట్లోకి కాకుండా తోటలోకి తీసుకెళ్ళా, ఇది నా మొదటి సలహా కూడా, పొద్దున్నే ఇంటి ముందు క్యూ ఉంటుంది, మధ్యాహ్నం మూడు తర్వాత పల్చబడుతుంది, కాబట్టి ముందు తోట తర్వాత ఇల్లు. ఇంటి దక్షిణం వైపు పొడవాటి కాలువ లాంటి చెరువు ఉంది, దాని మధ్యలో ఎంపరర్ ఫౌంటెన్. మేము వెళ్ళేసరికి నీళ్ళు లేస్తున్నాయి. చెట్ల కంటే పైకి, బంగ్లా కప్పు కంటే పైకి, తెల్లగా, పైన గాలికి విడిపోయి పొగలాగా పక్కకి వాలుతోంది. అమ్మ ఫోన్ తీసింది. నాయన ఫోటోకి రాలేదు. చెరువు గట్టు చుట్టూ ఒకసారి నడిచాడు, ఇంకోసారి నడిచాడు, గడ్డి మీద చెవి పెట్టి వినేవాడిలా వంగి, నా దగ్గరికొచ్చి "మోటరు యాడ పెట్టినారు పాపా, చప్పుడే లేదు" అన్నాడు.

మోటరు లేదు నాయనా అన్నా. నమ్మలేదు. కరెంటు లేకుండా అంత ఎత్తు ఎట్ల లేస్తాదని. అప్పుడు వెనక అడవి కొండ చూపించి చెప్పా. ఆ కొండ పైన 8 ఎకరాల చెరువు ఉంది, పైన బీడు కొండల మీద పడిన వాన అంతా రాతి కాలువల్లో వచ్చి ఆ చెరువులో చేరుతుంది, అక్కడి నుంచి దాదాపు అర మైలు ఇనుప పైపు, ఇంటి కంటే మూడు వందల యాభై అడుగుల పైనుంచి కిందికి. ఆ బరువే నీళ్ళని పైకి తోస్తుంది. రికార్డు 296 అడుగులు. 1843లో కట్టారు, రష్యా జార్ నికొలస్ మరుసటి ఏడాది ఇంగ్లండ్ వస్తున్నాడని తెలిసి ఆయనకి చూపించడానికని ఆరు నెలల్లో, రాత్రిళ్ళు దీపాలు పెట్టుకుని కూడా పని చేశారట. జార్ లండన్ దాకా వచ్చి ఇటు రానేలేదు. పేరు మాత్రం ఆయనదే ఉండిపోయింది. 1893లో అదే కొండ నీళ్ళతో టర్బైన్లు తిప్పి ఇంటికి కరెంటు కూడా చేసుకున్నారు.

మా చేన్లో ఏడు బోర్లు వేస్తే రెండు పడ్డాయి. ఆరు వందల అడుగుల కింద నుంచి నీళ్ళు తోడుకునే మనిషి, రాత్రి రెండు గంటలకి త్రీఫేజ్ వస్తే లేచి మోటరు వేసే మనిషి, ఆ నీళ్ళు ఊరికే ఆకాశంలోకి పోతుంటే ఎట్లా చూస్తాడో అని నాకు లోపల భయంగానే ఉంది. కోపమొస్తుందేమో అనుకున్నా. ఆయన బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "వాన నీళ్ళు, ఒక సుక్క పోనీలేదు చూడు, కొండంతా కాలువలు తీసినారు" అన్నాడు. ఆ కొండ పైకి ఎక్కాలన్నాడు. పార్కూ అడవి దారులూ నడిచేవాళ్ళకి ఫ్రీ, టికెట్ కావాల్సింది తోటకీ ఇంటికీ, ఇది చాలామందికి తెలీదు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, అందుకని కొండ ఎక్కడం ఆ రోజు కుదర్లేదు. మోకాళ్ళ సమస్య ఉన్నవాళ్ళకి ఒక మాట, తోట వాలులో ఉంటుంది, కింది భాగం పర్లేదు, పై భాగం ఆయాసం వస్తుంది. బెంచీలు మాత్రం బోలెడు ఉన్నాయి, తొందరపడకుండా కూర్చుంటూ వెళ్ళండి.

కాస్కేడ్ గురించి. ఇంటి వెనక వాలు మీద రాతి మెట్లు, 24 అంచెలు, ఒక్కో మెట్టు ఒక్కో కొలత, అందుకే నీళ్ళు దిగేటప్పుడు ఒక్కో చోట ఒక్కో చప్పుడు వస్తుందట. 1690ల్లో గ్రియే అనే ఫ్రెంచి ఆయన వేసిన డిజైన్. మేము వెళ్ళినప్పుడు మరమ్మతుల కోసం నీళ్ళు ఆపి ఉన్నాయి, మూడు వందల ఏళ్ళ రాళ్ళు మరి, కాబట్టి దాని కోసమే వెళ్ళేవాళ్ళు ముందు వెబ్‌సైట్ చూసుకోండి. ఇంకొంచెం పక్కన చెట్ల మధ్య ఒక రాగి చెట్టు ఉంది, విల్లో చెట్టు లాగా చేశారు, దగ్గరికి వెళ్తే కొమ్మల్లోంచి నీళ్ళు చిమ్ముతుంది. విక్టోరియా రాణి చిన్నప్పుడు వచ్చి దీన్ని చూసి ముచ్చటపడిందట. మా అమ్మ కొంగు తడిసింది, నవ్వుతూనే ఉంది పాపం, ఆ రోజంతా ఆమెకి నచ్చింది అదే.

గ్రీన్‌హౌస్‌కి వస్తున్నా. ఇక్కడ ఒకప్పుడు గ్రేట్ కన్సర్వేటరీ అని ఉండేది, 1836లో మొదలుపెట్టి 1840కి కట్టారు, పాక్స్‌టన్ పనే, 277 అడుగుల పొడవు, 67 అడుగుల ఎత్తు, అప్పట్లో ప్రపంచంలో అంత పెద్ద గాజు ఇల్లు లేదు. ఎనిమిది బాయిలర్లు, వాటికి బొగ్గు తేవడానికి భూమి కింద సొరంగంలో చిన్న రైలు పట్టాలు. 1843లో విక్టోరియా రాణి వస్తే వేల దీపాలు వెలిగించి గుర్రబ్బండిలో లోపలంతా తిప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరకలేదు, వేడి లేక మొక్కలన్నీ చచ్చిపోయాయి, 1920లో పేల్చేశారు. ఇప్పుడు దాని గోడల మధ్య 1962లో నాటిన యూ చెట్ల మేజ్ (దారులు తికమకపెట్టే తోట) ఉంది, పిల్లలు ఆడుకునేది అందులోనే, కానీ చాలామంది ఆ గోడలేంటో తెలీకుండానే తిరిగి వెళ్ళిపోతారు. అక్కడ నిలబడి ఆ 67 అడుగుల ఎత్తుని ఒక్కసారి మనసులో ఊహించుకోండి.

ఇప్పటి అరటి ఉండేది 1970లో కట్టిన వేరే గ్రీన్‌హౌస్‌లో. అన్ని రోజులూ లోపలికి పంపుతారని అనుకోవద్దు, ముందే కనుక్కోండి. మేము బయటి నుంచే చూశాం. అద్దం లోపలంతా చెమట పట్టి చుక్కలు కారుతున్నాయి, ఆ మసకలో ఒక పెద్ద ఆకు అద్దానికి ఆనుకుని ఉంది, అంచు చిరిగి కొంచెం గోధుమ రంగు తిరిగింది, ఈనె మాత్రం లేత పసుపు పచ్చగా మెరుస్తోంది. నాయన కళ్ళకి రెండు పక్కలా చేతులు అడ్డం పెట్టుకుని అద్దానికి ముఖం ఆనించాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదలు దగ్గర చూపించి "ఆ నల్ల మచ్చలు చూడు, మనదే, మన పచ్చరటే" అన్నాడు. ఆకులు లెక్కపెట్టాడు. చుట్టూ నాలుగు పిలకలు లేచి ఉన్నాయి, అవి చూసి ఆయనకి ఆగలేదు, "ఒక్కటి వదిలి మిగతావి కోసెయ్యాల, తల్లికి బలం పోతాది" అని అద్దం మీద వేలితో కొట్టి మరీ చెప్తున్నాడు, లోపల ఎవరూ లేరు.

అప్పుడే తోటలో పనిచేసే ఒకాయన తోపుడుబండితో వచ్చాడు. నేను మధ్యలో ఉండి ఇద్దరి మాటలూ చెప్పా. మా నాన్న ఇండియాలో ఈ అరటే పండిస్తాడు అనగానే ఆయన బండి కింద పెట్టేశాడు. గెల ఎంత బరువు వస్తుందని అడిగాడు, ముప్పై ముప్పై ఐదు కేజీలు, పదీ పన్నెండు హస్తాలు అన్నాడు నాయన. ఎన్ని నెలలకి అంటే మొదటి పంట పదకొండు పన్నెండు నెలలు, తర్వాత పిలకల మీద వచ్చే కార్శి పంట ఇంకొంచెం ముందే అన్నాడు. ఇక్కడ వెలుతురు తక్కువ, చాలా లేటవుతుంది అని ఆయన. ఎండు తెగులు సంగతి వచ్చింది, మట్టిలోంచి పాకే కొత్త రకం పనామా తెగులు బీహార్ వైపు వచ్చేసిందని నాయన భయం, ఆయనకీ ఆ విషయం తెలుసు. కావెండిష్ మొక్కలన్నీ పిలకల నుంచో టిష్యూ కల్చర్ నుంచో వచ్చినవే కదా, అన్నిటి రక్తం ఒకటే, ఒకదానికి పట్టిందంటే అన్నిటికీ పడుతుంది. ఇద్దరూ తలాడించుకున్నారు. ఒకరికొకరి భాష రాదు, కానీ "పిలక" ఎట్లా కోస్తామో నాయన చేతితో చేసి చూపించినప్పుడు ఆయనా అదే కోత చేసి చూపించాడు. నా దగ్గర ఆ ఫోటో ఉంది.

జోసఫ్ పాక్స్‌టన్ గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను, ఈ చోటంతా ఆయనే. బెడ్‌ఫర్డ్‌షైర్ రైతు కొడుకు. 1826లో 22 ఏళ్ళకే హెడ్ గార్డెనర్‌గా చేరాడు. మొదటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చేసరికి గేట్లు వేసి ఉన్నాయి, గోడ దూకి లోపలికొచ్చి తోటంతా చుట్టి, ఆరింటికి మనుషుల్ని పనికి పెట్టి, ఫౌంటెన్లు వదిలించుకుని చూసి, తర్వాత ఇంటి హౌస్‌కీపర్ దగ్గర టిఫినుకి కూర్చుంటే అక్కడ ఆవిడ మేనకోడలు శారా కనపడింది, ఇష్టపడ్డాడు, తొమ్మిది కూడా కాలేదు అని ఆయనే రాసుకున్నాడు. ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. 1849లో అమెజాన్ నది పెద్ద కలువని ఇక్కడ మొదటిసారి పూయించాడు, ఇంగ్లండ్‌లో ఎవరి వల్లా కానిది, దాని ఆకు మీద తన కూతురు ఆనీని నిలబెట్టి బలం చూపించాడు. ఆ కలువ కోసం గాజు ఇల్లు కట్టిన అనుభవంతోనే 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ డిజైన్ చేశాడు, 1,848 అడుగుల పొడవు. ఇండియాకీ మనిషిని పంపాడు, 1835లో జాన్ గిబ్సన్ అనే కుర్ర తోటమాలి కలకత్తా వచ్చి ఖాసీ కొండల్లో ఆర్కిడ్లు ఏరుకుని 1837లో ఓడలో పట్టుకెళ్ళాడు. పెద్దపెద్ద రాళ్ళు పేర్చిన రాక్ గార్డెన్ కూడా పాక్స్‌టన్‌దే, నిజం కొండలాగే ఉంటుంది, మా రాయలసీమ గుట్టల మధ్య పెరిగిన నాకు అక్కడ ఇంటికొచ్చినట్టు ఉంది.

ఇల్లు గురించి త్వరగా చెప్తా. పెయింటెడ్ హాల్ చూసి తల పైకెత్తి నిలబడిపోతారు, గోడలూ పైకప్పూ అంతా జూలియస్ సీజర్ కథ, లూయీ లాగెర్ గీసింది. మ్యూజిక్ రూమ్‌లో తలుపు వెనక వేలాడుతున్న వయొలిన్ తప్పకుండా చూడండి, నిజం వయొలిన్ కాదు, గీసిన బొమ్మ, ఇద్దరు చెప్తే గానీ అమ్మ నమ్మలేదు. శిల్పాల గ్యాలరీలో ముఖం మీద మేలిముసుగు వేసుకున్న అమ్మాయి పాలరాతి విగ్రహం ఉంది, రఫాయెల్ మోంటీ చేసింది, రాయిలోంచి గుడ్డ పల్చగా కనపడుతుంది, అక్కడ పది నిమిషాలు ఇవ్వండి. కొన్ని బెడ్‌రూముల్లో చేత్తో గీసిన చైనా వాల్‌పేపర్ ఉంది, అందులో అరటి చెట్టు బొమ్మ చూసే పాక్స్‌టన్‌కి అరటి మీద ఆశ పుట్టిందని ఒక కథ చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఇంట్లో బాలికల బోర్డింగ్ స్కూల్ నడిచింది, ఆ పెద్దపెద్ద గదుల్లో వరసగా మంచాలు వేసుకుని పిల్లలు పడుకునేవాళ్ళట. 1950లో పదో డ్యూక్ చనిపోయినప్పుడు ఆస్తి మీద 80 శాతం పన్ను పడింది, బొమ్మలు, పుస్తకాలు, భూములు, ఆఖరికి హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో పెద్ద ఇల్లే ఇచ్చేసి కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్ళు వందలకొద్దీ ఆ కాలంలో నేలమట్టమయ్యాయి, ఇది నిలబడింది.

ఇంత డబ్బు ఎక్కడిది, మనదేనా అని మా తమ్ముడు వీడియో కాల్‌లో అడిగాడు. ఈ ఇంటిది ముఖ్యంగా భూములు, గనుల డబ్బు. ఇండియా నుంచి వెళ్ళిన వస్తువులు కళ్ళారా చూడాలంటే వేల్స్‌లో పోవిస్ కోటకి వెళ్ళండి, క్లైవ్ కుటుంబం పట్టుకెళ్ళినవి, టిప్పు సుల్తాన్ గుడారం కూడా అక్కడే ఉంది, మనసు బరువెక్కుతుంది, కానీ చూడాలి. అది ఇంకోసారి రాస్తా.

తిండి సంగతి. లోపల రెస్టారెంట్లు, కేఫ్‌లు ఉన్నాయి, ధర ఇలాంటి చోట్ల ఎలా ఉంటుందో అలాగే. మేము చపాతీ, వంకాయ కూర, పెరుగన్నం కట్టుకెళ్ళాం, నది పక్కన పార్కులో గడ్డి మీద దుప్పటి పరిచి తిన్నాం, గొర్రెలు పక్కనే మేస్తున్నాయి, జింకలు కొంచెం దూరంగా. ఈ పార్కు ఇలా సహజంగా కనపడుతుంది కానీ 1760ల్లో కేపబిలిటీ బ్రౌన్ అనే ఆయన పాత కత్తిరింపు తోటలు చాలావరకు తీసేసి, నది రూపు కూడా దిద్ది తయారుచేసింది. ఇల్లూ తోటా కలిపి టికెట్ కొంటే ఒక్కరోజులో రెండూ తీరిగ్గా కావడం కష్టం. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే, డబ్బులు ఆలోచించుకునేవాళ్ళైతే, తోట ఒక్కదానికే టికెట్ తీసుకోండి, ఏమీ పోగొట్టుకోరు. చలికాలంలో ఇల్లు కొన్ని నెలలు మూసేస్తారు. మే చివర నుంచి సెప్టెంబర్ మధ్యలో వెళ్ళండి, గొడుగు మాత్రం ఏ నెలలో అయినా ఉండాల్సిందే, చెప్పులు కాదు బూట్లు వేయించండి అమ్మానాన్నలకి.

ఆఖర్లో ఎడెన్సర్ ఊరు. ఎన్జర్ అని పలుకుతారు. పార్కు దాటితే పది పదిహేను నిమిషాల నడక. ఒకప్పుడు ఈ ఊరు ఇంటికి కనపడేంత దగ్గర్లో ఉండేది, ఎదురుగా కనపడకూడదని ఇళ్ళు తీసేయించి, ఆరో డ్యూక్, పాక్స్‌టన్ కలిసి 1838 నుంచి నాలుగేళ్ళలో ఇప్పుడున్న చోట కొత్తగా కట్టించారు, ఒక్కో ఇల్లు ఒక్కో స్టైల్‌లో, చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. ఆ సంగతి చెప్తే నాయన ముఖం మారింది. శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో ఊరు పోగొట్టుకున్న చుట్టాలు మాకున్నారు. "వాళ్ళని అడిగినారో లేదో" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. చర్చి వెనక స్మశానంలో పాక్స్‌టన్ సమాధి ఉంది. కెన్నెడీ చెల్లెలు కాథ్లీన్ సమాధి కూడా అక్కడే, ఈ ఇంటి కోడలు ఆమె, 1963 జూన్‌లో ప్రెసిడెంట్ కెన్నెడీ వచ్చి చూసి వెళ్ళాడు, జనం ఎక్కువగా అటే వెళ్తారు. నాయన పాక్స్‌టన్ దగ్గర ఆగాడు. రైతు కొడుకని చెప్పా కదా. తల మీద ఉలెన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నార్పలలో రాత్రి పదిన్నర అయ్యుంటుంది, తమ్ముడికి ఫోన్ చేశాడు. బంగ్లా గురించి, బంగారు కిటికీల గురించి ఒక్క మాట లేదు. "రేయ్, నీళ్ళ ట్యాంకు చేన్లో కట్టొద్దు, వెనక గుట్ట మీద కట్టుదాం. కరెంటు ఉన్నప్పుడు ఒక్కసారి పైకి ఎక్కిస్తే సాలు, డ్రిప్ దానంతటదే పారుతాది, రాత్రి లేసే పనే లేదు" అని ఒకటే చెప్పడం. బస్సొచ్చినా ఫోన్ పెట్టలేదు, మెట్టు ఎక్కుతూ కూడా పైపు ఎన్ని ఇంచులు పెట్టాలో మాట్లాడుతున్నాడు. పోయిన వారం తమ్ముడు ఫోటో పంపాడు, గుట్ట మీద రాళ్ళు తీసి ట్యాంకుకి పునాది తవ్వుతున్నారు.